ప్రత్యేక అనుమతిపై చదివిన ఇంజినీర్లు

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, మన ఇళ్లలో ఒక చర్చ తప్పదు. అబ్బాయి ఏ బ్రాంచిలో చేరాలన్నది ర్యాంకును బట్టి తేలిపోతుంది. అమ్మాయి విషయంలో మాత్రం ఇంకో లెక్క వచ్చి చేరుతుంది. సివిల్ అయితే ఎండలో సైట్ల వెంట తిరగాలి, మెకానికల్ అయితే వర్క్‌షాపులో మగవాళ్ల మధ్య నిలబడాలి, కంప్యూటర్ సైన్స్ అయితే నీడపట్టున కూర్చుని చేసుకోవచ్చు అని ఇంటిల్లిపాదీ తేల్చేస్తారు. పిల్ల క్షేమం కోరే అలా అంటారు, కాదనను. కానీ ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో, ఎంత పాతదో తెలుసుకుంటే దాన్ని చూసే తీరు మారుతుంది.

1947లో కలకత్తా దగ్గరి శిబ్‌పూర్‌లో ఉన్న బెంగాల్ ఇంజినీరింగ్ కళాశాల మొదటిసారి అమ్మాయిలను చేర్చుకుంది. చేరినవారు ఇద్దరే: ఇలా మజుందార్, అజంతా గుహ. అజంతా మధ్యలోనే చదువు మానేశారు. ఇలాకు మాత్రం సివిల్ వద్దని, అది ఆరుబయట చేసే కష్టమైన పని అని సాక్షాత్తు ప్రిన్సిపాలే నచ్చజెప్పారు. ఆమె మెకానికల్ తీసుకుని 1951లో పట్టా పుచ్చుకున్నారు. ఆనాడు సివిల్ కంటే ఆడపిల్లకు నయమనిపించిన మెకానికల్‌ను ఈనాడు మనం వద్దంటున్నాం. బ్రాంచి పేరు మారింది, వద్దనడం మారలేదు.

ఎండ సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ దేశంలో కాలువలు తవ్విన చోట, ఆనకట్టలు లేచిన చోట, రోడ్లు పడిన చోట మట్టి తట్టలు మోసిన కూలీల్లో ఆడవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. చంకన బిడ్డను చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాలలో వేసి పనిలోకి దిగారు. వాళ్లకు ఎండ పడదని ఎవరూ అనలేదు. తట్ట పట్టుకున్న చేతికి లేని అభ్యంతరం లెవలింగ్ పరికరం పట్టుకోవాలనుకున్న చేతికి వచ్చింది. అంటే అసలు అడ్డం ఎండ కాదు, పనిమీద అధికారం.

వైద్యంతో పోల్చి చూస్తే ఈ విషయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మద్రాసు వైద్య కళాశాల 1875లోనే మహిళలను చేర్చుకుంది. అదే మద్రాసులో గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో ఒక మహిళ అడుగు పెట్టడానికి 1940 దాకా ఆగాల్సి వచ్చింది. అరవై అయిదేళ్ల తేడా. ఘోషా పాటించే ఇళ్లలోని ఆడవాళ్లు మగ డాక్టరుకు చూపించుకోరు, కాన్పులకు ఆడ డాక్టర్లు కావాలి. ఆడపిల్లల బడులకు పంతులమ్మలు కావాలి. ఆ అవసరం వైద్యానికీ, ఉపాధ్యాయ వృత్తికీ దారి తీసింది. ఇంజినీరు విషయంలో సమాజానికి అలాంటి అవసరం ఏదీ కనిపించలేదు. ఆ రోజుల్లో ఇంజినీరు అంటే ముఖ్యంగా పబ్లిక్ వర్క్స్ శాఖ అధికారి, లేదా రైల్వే అధికారి. క్యాంపుల్లో ఉంటాడు, కాంట్రాక్టర్లను అదుపులో పెడతాడు, వందలాది కూలీల మీద అజమాయిషీ చేస్తాడు, కొలతల పుస్తకంలో సంతకం పెడితేనే డబ్బు కదులుతుంది. గిండీ కళాశాల మూలాలు 1794లో మొదలైన సర్వే పాఠశాలలో ఉన్నాయి. తెల్లదొరల ప్రభుత్వానికి భూమి కొలిచే మనుషులను తయారు చేయడం దాని మొదటి పని. అలాంటి చోట ఆడవాళ్లు చేరకూడదని ప్రత్యేకంగా రాసుకోవాల్సిన అవసరం కూడా ఎవరికీ కలగలేదు.

ఆ కళాశాలలో చేరిన మొదటి మహిళ తెలుగావిడ. పేరు అయ్యలసోమయాజుల లలిత.

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో ఒక మధ్యతరగతి తెలుగు కుటుంబంలో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో అయిదో బిడ్డ. తండ్రి పప్పు సుబ్బారావు గిండీలోనే ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ఆచార్యులు. కొడుకులను ఇంజినీర్లను చేసిన ఆ ఇంట్లో ఆడపిల్లలకు కొంతవరకు చదువు, ఆపైన పెళ్లి. 1934లో పదిహేనేళ్ల వయసులో లలితకు పెళ్లయింది. శారదా చట్టం ప్రకారం అప్పట్లో ఆడపిల్లకు 14 ఏళ్లు నిండితే చాలు. పెళ్లయినా చదువు ఆగకూడదని తండ్రి పట్టుబట్టడంతో ఆమె ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివారు. 1937 సెప్టెంబరులో కూతురు పుట్టింది. నాలుగు నెలలకే భర్త పోయారు. లలితకు అప్పటికి 18 ఏళ్లు.

పద్దెనిమిదేళ్ల వితంతువు, చేతిలో నాలుగు నెలల పసిబిడ్డ. ఆనాటి తెలుగు బ్రాహ్మణ కుటుంబాల్లో ఈ మాటకు అర్థమేమిటో తెలియని పాఠకులు ఉండరు. వీరేశలింగం 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించి అప్పటికి అర్ధశతాబ్దం దాటింది. అయినా అత్యధిక కుటుంబాల్లో ఆ మాట ఎత్తే ధైర్యం లేదు. పునర్వివాహం కాకపోతే చదువు, ఆ చదువుతో పంతులమ్మ ఉద్యోగం అన్న దారి మాత్రం మద్రాసులో అప్పటికే పడి ఉంది. తానూ బాల వితంతువైన సుబ్బలక్ష్మి 1911లో ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టా పుచ్చుకుని, అలాంటి పిల్లల కోసం వసతి గృహం పెట్టి ఎందరినో ఉపాధ్యాయినులను చేశారు.

లలిత మళ్లీ పెళ్లి చేసుకోలేదు. పుట్టింటికి వచ్చి క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివి ప్రథమ శ్రేణిలో పాసయ్యారు. తరవాత ఏమిటి? అప్పటికి ఆడపిల్లలకు తెరిచి ఉన్న పెద్ద చదువు వైద్యం. అదీ ఆలోచించారు. కానీ డాక్టరుకు వేళాపాళా ఉండదు, అర్ధరాత్రి కబురొస్తే లేచి వెళ్లాలి. పసిబిడ్డను చూసుకుంటూ చేయడానికి పగటిపూట ముగిసే ఉద్యోగం కావాలి. తండ్రి, అన్నదమ్ములు చేసే పని కళ్లెదుటే ఉంది. అందుకే ఇంజినీరింగ్ అన్నారు.

ఈ కారణం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. లలితను తలచుకునేవారు సాహసం, తిరుగుబాటు అంటూ మొదలుపెడతారు. ఆమె చేసింది ఒక తల్లి వేసుకున్న మామూలు లెక్క. బిడ్డతో గడిపే సాయంత్రాలు మిగలాలి, ఎవరి మీదా ఆధారపడకుండా బతకాలి. ఆడవాళ్లకు పనికిరాదని లోకం తీర్మానించిన వృత్తే తన ఇంటి పరిస్థితికి అన్నిటికంటే సరిపోతుందని ఆమె చూశారు. ఈనాటి ఇళ్లలో కంప్యూటర్ సైన్స్ వైపు మొగ్గడానికి చెప్పే కారణాలు సరిగ్గా ఇవే.

సుబ్బారావు ప్రిన్సిపాల్ కె.సి. చాకోతో మాట్లాడారు. చాకో ఒప్పుకున్నారు. అయినా అది సరిపోదు, పై నుంచి అనుమతి రావాలి. మద్రాసు ప్రభుత్వ విద్యాశాఖ డైరెక్టర్ ఆర్.ఎం. స్టాథమ్‌కు విజ్ఞప్తి వెళ్లింది. ఆయనా సరేనన్నారు. 1940లో లలిత నాలుగేళ్ల ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ కోర్సులో చేరారు. ఆచార్యుడైన తండ్రి, అడ్డుచెప్పని ప్రిన్సిపాల్, సంతకం పెట్టిన డైరెక్టర్. ఈ ముగ్గురిలో ఒక్కరు లేకపోయినా ఆ చదువు లేదు. అదే ఏడు అదే మద్రాసులో ఇంటర్మీడియట్ ప్రథమ శ్రేణిలో పాసై, తండ్రి గుమాస్తాగానో రైతుగానో ఉన్న అమ్మాయికి ఆ సంతకం ఎవరు తెచ్చిపెడతారు?

వందలాది అబ్బాయిలున్న కళాశాలలో ఒకే ఒక్క అమ్మాయి. హాస్టల్లో ఆమెకు విడిగా వసతి ఏర్పాటు చేశారు. బిడ్డ బంధువుల ఇంట్లో పెరిగింది. వారమంతా చదువు, వారాంతంలో బిడ్డ దగ్గరికి ప్రయాణం. తోటి విద్యార్థులు వేధించారనో, అవమానించారనో ఆమె చెప్పినట్టు లేదు. బాధపెట్టింది ఒంటరితనం. ఆనాటి ఇంజినీరింగ్ చదువంటే తరగతి గదితో పోయేది కాదు. కొలిమి దగ్గర ఇనుము సాగగొట్టాలి, అచ్చుల్లో లోహం పోయాలి, వడ్రంగం చేయాలి, ఆకురాయితో గంటల తరబడి ఇనుప ముక్కను నున్నగా రుద్దాలి, గొలుసు పట్టుకుని పొలాల్లో సర్వే చేయాలి. అన్నీ జట్లుగా చేసే పనులు. ఒక పని అయ్యాక నలుగురూ కూర్చుని చెప్పుకునే కబుర్లే ఆ అలసటను తీరుస్తాయి. లలితకు ఆ నలుగురు లేరు.

ఇది గమనించిన సుబ్బారావు, గిండీలో అమ్మాయిలకూ ప్రవేశం ఉందని పత్రికల్లో ప్రకటన ఇప్పించారు. కూతురి ఒంటరితనం పోగొట్టడానికి ఒక తండ్రి చేసిన ఈ పనే మొదటి బాట అయింది. మరుసటి ఏడాది ఇద్దరు చేరారు. ఇద్దరూ కేరళ ప్రాంతం వారు, ఇద్దరూ సివిల్‌లోనే: పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జ్. లీలమ్మ అంతకు ముందు వైద్యంలో చేరి, ఇష్టంలేక మానేసి వచ్చారు. యుద్ధం వల్ల కోర్సును కొన్ని నెలలు కుదించడంతో ముందు చేరిన లలిత, వెనక చేరిన వీళ్లిద్దరూ 1944లో ఒకేసారి పట్టాలు అందుకున్నారు. పట్టా కాగితం మీద అప్పటిదాకా మగవాళ్లను ఉద్దేశించిన మాటలే అచ్చయి ఉండేవి. వాటిని కలంతో కొట్టేసి, పక్కన స్త్రీలకు వాడే మాట చేత్తో రాసి ఇచ్చారు. కొత్త కాగితం అచ్చు వేయించలేదు. మళ్లీ మళ్లీ అవసరం పడుతుందని విశ్వవిద్యాలయం అనుకోలేదు కాబోలు.

చదువులో భాగంగా లలిత ఒక ఏడాది బీహార్‌లోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ పొందారు. 1862 నుంచి నడుస్తున్న రైలింజన్ల కర్మాగారం అది. మగ కార్మికుల మధ్య, నూనె మరకల మధ్య ఒక తెలుగు వితంతువు చీరకట్టుతో పని నేర్చుకోవడం ఆ కర్మాగారానికే కొత్త అనుభవమై ఉండాలి.

ఇక్కడి నుంచి ముగ్గురి దారులు వేరయ్యాయి. త్రేసియా కొచ్చిన్ సంస్థానపు పబ్లిక్ వర్క్స్ శాఖలో సెక్షన్ ఆఫీసరుగా చేరి, ములంకున్నత్తుకావులో క్షయ ఆసుపత్రి నిర్మాణం పని చూశారు. ఆ తరవాత శాఖలో ఒక్కో మెట్టూ ఎక్కుతూ 1971లో కేరళ పబ్లిక్ వర్క్స్ శాఖ చీఫ్ ఇంజినీరయ్యారు. దేశంలో ఆ పదవికి చేరిన మొదటి మహిళ ఆమె. తారులో రబ్బరు కలిపి రోడ్లు వేసే ప్రయోగాలు చేయించారు, వంతెనలు కట్టించారు, 1979లో పదవీ విరమణ చేశారు. ఆరుబయట తిరిగే పని, కాంట్రాక్టర్లతో వాదన, వానలో వంతెన పునాదులు, వీటిలో ఏదీ ఆమెను ఆపలేదు. శిబ్‌పూర్‌లో ఇలాను సివిల్ వద్దని మళ్లించిన 1947 నాటికి త్రేసియా సర్వీసులో కుదురుకునే ఉన్నారు. లీలమ్మ తిరువాన్కూరులో ఉద్యోగంలో చేరి, పట్టణ ప్రణాళిక చదవడానికి ఇంగ్లండ్ వెళ్లారు.

లలిత మొదట సిమ్లాలోని సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో ఇంజినీరింగ్ అసిస్టెంటుగా చేరారు. అన్నదమ్ముల్లో ఒకరు అక్కడ ఉండడంతో బిడ్డతో పాటు ఆ ఇంట్లో ఉన్నారు. కొంతకాలానికి ఆ ఉద్యోగం వదిలి తండ్రి పరిశోధనల్లో చేదోడయ్యారు. సుబ్బారావు విద్యుత్తుతో పలికే సంగీత వాయిద్యం మీద, పొగ రాని పొయ్యి మీద పనిచేస్తుండేవారు. ఆ పని మీద ఆమెకు ఇష్టమున్నా, సంపాదన కావాలి. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. అక్కడా మరో సోదరుడి ఇల్లే ఆసరా.

ఆ ఇళ్ల గురించి ఒక మాట. సిమ్లాలో, కలకత్తాలో లలిత ఉద్యోగానికి వెళ్లి వచ్చేసరికి బిడ్డకు అన్నం పెట్టి, బడికి పంపి, జ్వరం వస్తే పక్కన కూర్చున్నవాళ్లు ఉన్నారు. మొదటి మహిళా ఇంజినీరు కథలో తండ్రి పేరు, ప్రిన్సిపాల్ పేరు, డైరెక్టర్ పేరు నిలిచాయి. ఆ బిడ్డను సాకిన ఇల్లాళ్లను ఎవరూ తలచుకోరు. వాళ్లు లేకపోతే డైరెక్టర్ సంతకం ఉన్నా లలిత గిండీలో నాలుగేళ్లు నిలవగలిగేవారు కాదు.

కలకత్తాలో ఆమె పని విద్యుత్ సరఫరా లైన్ల రూపకల్పన, సబ్‌స్టేషన్ల నమూనాలు, రక్షణ పరికరాలు, కాంట్రాక్టుల అమలు. భాక్రా నంగల్ ప్రాజెక్టు జనరేటర్ల పనిలోనూ ఆమె చేయి ఉంది. కంపెనీ తరవాత జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో కలిసిపోయినా అక్కడే కొనసాగి, 1977లో పదవీ విరమణ చేశారు. లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజినీర్స్ 1953లో ఆమెను అసోసియేట్ సభ్యురాలిగా, 1966లో పూర్తి సభ్యురాలిగా చేర్చుకుంది.

ఇదే కాలంలో మైసూరు వైపు నుంచి వచ్చిన రాజేశ్వరి ఛటర్జీ గణితంలో ఎమ్మెస్సీ చేసి, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పరిశోధన మొదలుపెట్టారు. 1947లో ఓడలో అమెరికా వెళ్లి మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదివి, 1953లో డాక్టరేటుతో తిరిగొచ్చి అదే సంస్థలో మైక్రోవేవ్, యాంటెన్నా పరిశోధనలకు పునాది వేశారు. గిండీ, శిబ్‌పూర్, బెంగళూరు. ఒక్కో చోటా ఒకరో ఇద్దరో. ప్రతి ఒక్కరూ తమ చోట మొదటివారే. ఇరవై ఏళ్ల పాటు దేశంలో ఎక్కడ చూసినా ఈ మొదటివారే కనిపిస్తారు తప్ప వారి వెనక పెద్ద వరుస కనిపించదు. అనుమతి ఇచ్చింది ఒక మనిషికి గనుక ఆ మనిషి చదువుతో ఆ అనుమతి ఖర్చయిపోయింది.

ఇది మన దేశానికే పరిమితమైన సంగతి కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో మగ ఇంజినీర్లు చాలక అమెరికాలో కర్టిస్ రైట్ విమాన సంస్థ వందలాది అమ్మాయిలను ఏడు విశ్వవిద్యాలయాలకు పంపి పది నెలల్లో ఇంజినీరింగ్ నేర్పించింది. యుద్ధం ముగియగానే వాళ్లలో చాలామందికి ఆ పనితో సంబంధం తెగిపోయింది. అక్కడి పేరున్న ఇంజినీరింగ్ విద్యాసంస్థ జార్జియా టెక్ అమ్మాయిలను చేర్చుకున్నది 1952లో, అంటే లలిత పట్టా పొందిన ఎనిమిదేళ్లకు. అమెరికా మహిళా ఇంజినీర్లు 1950లో సొంత సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘమే 1964 జూన్‌లో న్యూయార్క్‌లో మహిళా ఇంజినీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సు జరిపింది.

ఆ సదస్సుకు లలిత వెళ్లారు. భారతదేశంలో అలాంటి సంఘమే లేదు కనుక ఏ సంస్థకూ ప్రతినిధిగా కాక, సొంత హోదాలో వెళ్లారు. నూట యాభై ఏళ్ల కిందటైతే భర్త చితి మీద తననూ కాల్చేసి ఉండేవారని అక్కడ ఆమె అన్నట్టు చెబుతారు. మరుసటి ఏడాది లండన్‌లోని విమెన్స్ ఇంజినీరింగ్ సొసైటీ ఆమెను సభ్యురాలిగా తీసుకుంది. 1967లో కేంబ్రిడ్జిలో జరిగిన రెండో సదస్సుకు భారత్ తరఫున సమన్వయం చేసింది ఆమే. 1979 అక్టోబరు 12న అరవయ్యో ఏట కన్నుమూశారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఆమె పేరు కోసం వెతకాల్సిన పరిస్థితి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఒక్కరికి దొరికిన అనుమతిని పదిమందికి దారిగా మార్చే ప్రయత్నం ఇలా మజుందార్ చేశారు. పెళ్లయ్యాక ఇలా ఘోష్ అయ్యారు. గ్లాస్గోలో శిక్షణ, డెహ్రాడూన్ ఆయుధ కర్మాగారంలో ఉద్యోగం, ఢిల్లీ పాలిటెక్నిక్‌లో బోధన తరవాత కలకత్తాలో మహిళా పాలిటెక్నిక్‌కు మొదటి ప్రిన్సిపాల్ అయ్యారు. 1985లో యునెస్కో తరఫున ఢాకాలోనూ మహిళా పాలిటెక్నిక్ ఏర్పాటుకు పనిచేశారు. అరవయ్యో దశకంలో వచ్చిన ఇలాంటి పాలిటెక్నిక్‌లు పెద్ద పేరున్న చదువులు కావు. కానీ గుమాస్తా కూతురు కూడా డైరెక్టర్ సంతకం అక్కర్లేకుండా చేరగలిగిన మొదటి తలుపులు అవి.

చదువు తలుపు తెరుచుకున్నా ఉద్యోగం తలుపు వెంటనే తెరుచుకోలేదు. 1974లో బెంగళూరులో చదువుతున్న సుధా మూర్తి, మహిళలు దరఖాస్తు చేయనక్కర్లేదని రాసి ఉన్న, టాటాల వాహన తయారీ సంస్థ టెల్కో ప్రకటన చూసి జె.ఆర్.డి. టాటాకు నేరుగా పోస్టుకార్డు రాశారు. ఉద్యోగం వచ్చింది. మళ్లీ అదే తీరు. ఒక పెద్దమనిషి దయతలచడం, ఒకరికి తలుపు తీయడం.

తెలుగునాట ఈ తీరు మారింది రిజర్వేషన్ నియమంతోనే. వృత్తివిద్యా కోర్సుల కన్వీనరు సీట్లలో ప్రతి కోర్సులో, ప్రతి కేటగిరీలో మూడో వంతు మహిళలకు కేటాయించారు. ఐఐటీలు ఆ పని 2018లో మొదలుపెట్టాయి. అదనపు సీట్లు సృష్టించి అమ్మాయిల వాటాను మొదటి ఏడాది 14 శాతానికి, తరవాత 17కు, 2020 నాటికి 20 శాతానికి చేర్చాలని నిర్ణయించాయి. మన రాష్ట్రాల నియమంలో ఒక మెలిక ఉంది. అర్హత గల మహిళలు రాకపోతే ఆ సీటు అదే కేటగిరీలోని పురుషుడికి వెళుతుంది. సివిల్‌లోనో మెకానికల్‌లోనో ఆ సీట్లు నిండాలంటే అమ్మాయిని ఒప్పించడం ఒక్కటే చాలదు. ప్రాజెక్టు సైటులో మరుగుదొడ్డి, రాత్రి షిఫ్టు అయ్యాక ఇంటికి చేర్చే వాహనం, పసిబిడ్డను వదిలి వెళ్లగలిగే చోటు కావాలి. లలితకు ఇవన్నీ ఒక కుటుంబం సమకూర్చింది. ఇప్పుడు సమకూర్చాల్సింది ఉద్యోగమిచ్చే ప్రభుత్వ శాఖలూ, నిర్మాణ సంస్థలూ.